షార్డనే ఒకటే, తోట వేరు: నేల వైన్ రుచిని ఎలా మారుస్తుంది?

షాబ్లీ_ప్రేమి

అందరికీ నమస్కారం. ఒకే ఉత్పత్తిదారుడు చేసిన రెండు సీసాలు పక్కపక్కన పెట్టి తాగాను. రెండూ షార్డనే అనే తెల్ల ద్రాక్షతో చేసినవి, రెండూ ఒకే ఏడాదివి, రెండూ స్టీల్ ట్యాంకులో పులియబెట్టినవే. రెండూ ఫ్రాన్స్‌లోని షాబ్లీ ప్రాంతానివే: ఒకటి పెతీ షాబ్లీ అనే కింది తరగతిది, రెండోది షాబ్లీ. తేడా స్పష్టంగా తెలిసింది. మొదటిది నిమ్మతొక్క వాసనతో తేలిగ్గా వచ్చి చప్పున పోయింది. రెండోదానిలో నిండుదనం ఉంది. మింగాక కూడా నాలుక అంచుల మీద ఉప్పదనం లాంటిదేదో చాలాసేపు నిలిచింది.

ఏ వివరణ చదివినా ఒకటే మాట. షాబ్లీ తోటలు కిమ్మరిడ్జియన్ నేల మీద ఉన్నాయి, అది దాదాపు 15 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగు, అందులో ఎక్సోజైరా విర్గులా అనే చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు ఉంటాయి, వైన్‌లో ఖనిజపు రుచి అక్కడినుంచే వస్తుంది అని. పెతీ షాబ్లీ పైనున్న పోర్ట్‌లాండియన్ సున్నపురాయి మీద పండుతుందట.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. ఆ ఆల్చిప్పల రుచి వేళ్ళ గుండా ఎక్కి పండులోకి వస్తోందా? రాకపోతే నేను రుచి చూసిన తేడా ఎక్కడిది?

వేరుచూపు

ప్రేమి గారూ, ముందు వేరు దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. వేరు రాయిని పీల్చుకోదు. మట్టి నీటిలో కరిగి ఉన్న అయాన్లనే తీసుకుంటుంది. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, నైట్రేట్, ఫాస్ఫేట్, అతి కొద్దిగా ఇనుము, జింకు, మాంగనీసు. సున్నపురాయి కరిగి వచ్చిన కాల్షియం అయినా, గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ శిథిలమై వచ్చిన కాల్షియం అయినా వేరు దాకా వచ్చేసరికి రెండూ ఒకటే. ఆల్చిప్ప కూడా కాల్షియం కార్బొనేటే. అందులో ఒకప్పుడున్న సముద్రపు ఉప్పు ఎప్పుడో వానలకు కొట్టుకుపోయింది.

వైన్‌లో ఖనిజాలన్నీ కలిపి లీటరుకు కొద్ది గ్రాములే ఉంటాయి. అందులో సింహభాగం పొటాషియం. మిగతావి మామూలుగా నాలుక పట్టగలిగే మోతాదుకు చాలా కిందే ఉంటాయి. అబరిస్ట్విత్ విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ళ తరబడి చెబుతూ వస్తున్నది ఇదే. పైగా రాళ్ళలో చాలావాటికి అసలు రుచీ లేదు, వాసనా లేదు.

దీన్నిబట్టి నేలకు పాత్ర లేదని అనుకోకండి. చాలా పెద్ద పాత్రే ఉంది. అది పనిచేసే దారి మాత్రం మీరు చదివింది కాదు.

రసజ్ఞ

వేరుచూపు గారూ, మీరు చెప్పిన రసాయనం మీద నాకు పేచీ లేదు. కానీ జర్మనీలోని మోసెల్ లోయ నుంచి వచ్చే రీస్లింగ్ తెల్లవైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు వచ్చే ఆ తడిసిన పలకరాయి వాసనను ఏమనాలి? ఆ లోయలో తోటలన్నీ నిట్టనిలువు వాలుల మీద, డెవోనియన్ కాలపు పలకరాళ్ళ ముక్కల మధ్య ఉంటాయి. తోటలో నిలబడితే కాళ్ళకింద అదే రాయి, గ్లాసులో అదే వాసన. ఇన్నేళ్ళుగా ఇంతమంది ఒకే మాట చెబుతుంటే అది ఊహ అని తీసిపారేయడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

అణుగంధం

రసజ్ఞ గారూ, ఆ వాసన ఊహ కాదు, నిజమైనదే. అయితే ఆ వాసన రాయిది కాదు.

ఎండిన రాళ్ళ మీద వాన పడినప్పుడు వచ్చే పరిమళం మీద ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పనిచేసి 1964లో ప్రచురించారు. ఎండాకాలంలో మొక్కల నుంచీ గాలి నుంచీ వచ్చిన నూనెలాంటి పదార్థాలు రాళ్ళ రంధ్రాల్లో పేరుకుంటాయి. తడి తగలగానే అవి గాలిలోకి లేస్తాయి. అంటే ఏ రాయి అయినా, సచ్ఛిద్రంగా ఉంటే చాలు, దాదాపు అదే వాసన ఇస్తుంది. ఆ వాసన మన జ్ఞాపకంలో రాయితో ముడిపడిపోయింది. గ్లాసులో దానికి దగ్గరగా ఏది తగిలినా రాయే గుర్తొస్తుంది.

చెకుముకిరాయి కొట్టిన వాసన సంగతి ఇంకా తేటగా తెలుసు. దానికి ముఖ్య కారణం బెంజీన్‌మీథేన్‌థయాల్ అనే గంధక సమ్మేళనం. లీటరులో నానోగ్రాముల్లో ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో పనిచేసిన తొమినాగా బృందం 2003లో సోవిన్యాన్ బ్లాంక్, సెమిల్యాన్, షార్డనే తెల్లవైన్లలో దీన్ని చూపించింది. పులిసేటప్పుడు, ఆ తర్వాత అడుక్కి దిగిన ఈస్ట్ మడ్డితో ఉంచినప్పుడు గాలి తగలకుండా చేస్తే ఇలాంటి గంధక సమ్మేళనాలు మిగులుతాయి. ఇక ఖనిజపు రుచి అని జనం చెప్పే వైన్లను గమనించండి. దాదాపు అన్నిట్లో పులుపు ఎక్కువ, పండు వాసన తక్కువ.

షాబ్లీ_ప్రేమి

అంటే తేడా అంతా వైన్ తయారీలోనే ఉందంటారా? నేను తాగిన రెండూ ఒకే చోట, ఒకే చేతిమీద తయారైనవి కదా.

వేరుచూపు

కాదండి. తయారీ ఒకటే అయినప్పుడు మిగిలింది పండు. పండును మార్చింది తోట. అందులో నేల చేసే పనుల్లో మొదటిది నీళ్ళు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

బోర్డో విశ్వవిద్యాలయంలో జెరార్ సెగాన్ అనే శాస్త్రవేత్త 1960ల నుంచి ఆ ప్రాంతంలోని మెదోక్ తోటల నేలను పరిశీలించారు. పేరున్న తోటలన్నిటి మట్టిలో ఉమ్మడిగా ఉండే రసాయన గుణం ఏదైనా ఉందా అని వెతికితే దొరకలేదు. ఫలానా పోషకం ఎక్కువుంటే వైన్ బాగుంటుంది అని చెప్పడానికి ఆధారం కనబడలేదు. ఉమ్మడిగా కనబడింది మరొకటి. మంచి తోటల్లో నేల నీటిని ఒక పద్ధతిలో ఇస్తుంది. వాన కురిసినప్పుడు తీగను ముంచదు, ఎండ కాసినప్పుడు ఉన్నపళాన వదిలేయదు.

తీగ వైపునుంచి చూద్దాం. చలికాలపు వానతో నేల నిండుతుంది. పూత అయ్యాక పిందె పెరిగే రోజుల్లో నీరు నెమ్మదిగా తగ్గుతూ పోవాలి. వేళ్ళకు తడి తగ్గగానే అబ్సిసిక్ ఆమ్లం అనే సంకేతం ఆకులకు చేరుతుంది, కొమ్మ చివర పెరుగుదల ఆగుతుంది. ఆకు తయారుచేసిన చక్కెర ఇక కొత్త రెమ్మలకు పోకుండా గుత్తులకు పోతుంది. పండు చిన్నదిగా ఉండిపోతుంది. చిన్న పండులో రసంతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువ. రంగు, వగరు, చాలా పరిమళాలు ఉండేది తొక్కలోనే.

నీరు పుష్కలంగా అందుతూనే ఉంటే తీగ కోత దాకా రెమ్మలు వేస్తూనే ఉంటుంది. గుత్తులు ఆకుల నీడలో పడతాయి. కబెర్నే సోవిన్యాన్ అనే ఎర్ర ద్రాక్షలో పచ్చి క్యాప్సికమ్ వాసన తెచ్చే మెథాక్సీపైరజీన్ తగ్గకుండా మిగిలిపోతుంది. మరీ ఎద్దడి అయితే ఆకు పని ఆగిపోయి పండు పండకుండానే వాడుతుంది. మధ్యలో ఉన్న ఆ సన్నటి దారిలో తీగను నడిపించే నేలకే పేరొస్తుంది.

ఇప్పుడు అసలు ఆశ్చర్యం. ఆ దారి ఒక్కో నేల ఒక్కో రకంగా పట్టుకుంటుంది. మెదోక్‌లో లోతైన గులకరాళ్ళ నేల. నీరు ఇట్టే ఇంకిపోతుంది, వేళ్ళు దాని వెంట కిందికి దిగుతాయి. అక్కడికి దగ్గర్లోనే పొమెరోల్‌లో పెట్రూస్ తోట ఉన్నది దానికి పూర్తి విరుద్ధమైన చిక్కటి బంకమట్టి మీద. ఆ బంకమట్టి నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మట్టిలో తడి ఉన్నా తీగకు తొందరగా దొరకదు. అలా ఎద్దడి త్వరగానే మొదలవుతుంది, కానీ పూర్తిగా ఎండదు. షాంపేన్ సుద్దనేల ఇంకో రకం. ఘనమీటరు సుద్ద 300 నుంచి 400 లీటర్ల నీటిని స్పాంజిలా పట్టి ఉంచి, ఎండల్లో మెల్లగా పైకి పంపుతుంది.

గులక, బంక, సుద్ద. రసాయనంగా మూడింటికీ పోలికే లేదు. మూడూ గొప్ప వైన్ ఇస్తున్నాయి.

తీగమేస్త్రి

వేరుచూపు గారు రాసింది గుంటలో దిగి చూస్తే కళ్ళకు కడుతుంది. నేను తోట పనిలో ఉన్నవాణ్ణి. కొత్త తీగలు నాటేముందు జేసీబీతో మనిషి లోతు గుంటలు తవ్వించి గోడలు చూస్తాం.

మా దగ్గర ఒకే మడిలో, ఒకే రకం తీగల మధ్య, రెండు చివర్ల రెండు గుంటలు తీశాం. పై చివర జానెడు మందాన నల్లమట్టి, అందులో తెల్లటి పీచు వేళ్ళు గుబురుగా ఉన్నాయి. దానికింద గట్టి రాతిపొర. వేళ్ళు అక్కడిదాకా వచ్చి పక్కకు తిరిగిపోయాయి. ఆ పొరలో ఒకచోట నిలువు పగులు ఉంది. పెన్సిలంత వేరొకటి ఆ పగులు మందానికి తగ్గట్టు చదునుగా అణిగిపోయి, గుంట అడుగు దాకా దిగి, అక్కడ మళ్ళీ గుండ్రంగా మారింది. చుట్టూ మట్టి పొడిగా ఉన్నా ఆ పగులు లోపల వేలు పెడితే చెమ్మ తగిలింది. ఎండలు ముదిరాక ఆ తీగలు బతికేది ఆ చెమ్మ మీదే.

కింది చివర గుంట చూస్తే అడుగు దాకా ఒండ్రుమట్టి. రాయి లేదు, గట్టి పొర లేదు, వేళ్ళు ఎటు కావాలంటే అటు పోయాయి. పై చివర పండ్లు రంగు తిరిగేసరికి కొమ్మల కొసలు ఆగిపోయి ఉంటాయి. కింద మాత్రం అప్పటికీ లేత రెమ్మలు ఊగుతూనే ఉంటాయి, ఆకు తీయించడానికే కూలీలు పెట్టాలి. గుత్తి చేతిలోకి తీసుకుంటే కింది పండు రసంతో ఉబ్బి ఉంటుంది, నమిలితే తీపి ఉంటుంది కానీ తొక్కలో సారం ఉండదు. పై పండు చిన్నది, తొక్క నోట్లో చాలాసేపు ఆడుతుంది. రెండు చివర్లూ వేర్వేరు రోజుల్లో కోసి వేర్వేరు తొట్లలో వేస్తాం. పులిశాక రెండు గ్లాసులు ఇస్తే రెండు తోటలవే అంటారు ఎవరైనా.

కొత్తసీసా

తీగమేస్త్రి గారూ, అంతా నీటి లెక్కే అయితే డ్రిప్ పెట్టి ఏ నేలలోనైనా అదే పద్ధతిలో నీళ్ళు ఇవ్వొచ్చుగా? అప్పుడు నేల పేరు చెప్పుకోవాల్సిన పనేముంది?

తీగమేస్త్రి

కొంతవరకు ఇవ్వొచ్చు, ఇస్తున్నారు కూడా. పిందె దశలో కావాలనే నీళ్ళు తగ్గించి, రంగు తిరిగాక కొద్దికొద్దిగా ఇవ్వడం ఎండ ప్రాంతాల్లో మామూలు పని. పొడి నేలకు నీరు చేర్చగలం. కానీ ఇచ్చే చేత్తో తీసుకోలేం కదండీ. కోత ముందు రెండు రోజులు జోరువాన పడితే ఒండ్రునేలలో నిలిచిన నీటిని డ్రిప్ ఏం చేయగలదు? గులకనేల అయితే ఆ వానను తెల్లారేసరికి దింపేస్తుంది. మెదోక్‌లో కూడా 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీర్లు కాలవలు తవ్వి చిత్తడిని తీసేశాకే తోటలు నది పక్క గులక దిబ్బల మీద విస్తరించాయి. నీరు పోయే దారి మొదట, నీరు వచ్చే దారి తర్వాత.

ఇంకోటి, డ్రిప్ మీద పెరిగిన తీగ వేళ్ళు చుక్క పడేచోటే గుంపుగా ఉండిపోతాయి. పగుళ్ళలోకి దిగే శ్రమ పడవు. అక్కడినుంచి ఆ తీగ మన గడియారం మీదే ఆధారపడుతుంది.

వేరుచూపు

స్పెయిన్‌లోని హెరెస్‌లో ఇదే పని డ్రిప్ లేకుండా చేస్తారు. అక్కడి తెల్లటి అల్బరీసా నేల సుద్దలాంటిది. కోత అయిపోయాక తీగల వరసల మధ్య వరసగా దీర్ఘచతురస్రపు మళ్ళు తీస్తారు. వాటిని అసెర్పియా అంటారు. శీతాకాలపు వాన వాలు మీద జారిపోకుండా వాటిల్లో నిలిచి ఇంకుతుంది. వసంతంలో మళ్ళీ చదును చేసేస్తారు. ఎండాకాలంలో పై మట్టి గట్టిబడి మూతపడిపోతుంది, లోపలి తడి ఆవిరి కాదు. ఆ తడి మీదే పాలోమీనో తీగలు మండుటెండల్లో వానచుక్క లేకుండా పండుతాయి.

పినోపిచ్చి

నీళ్ళ గురించే మాట్లాడుతున్నారు, వేడి సంగతి మరిచిపోతున్నారు. బోర్డోలో నదికి ఎడమ ఒడ్డున కబెర్నే సోవిన్యాన్, కుడి ఒడ్డున మెర్లో ఎందుకు ఎక్కువ? గులకనేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఆలస్యంగా పండే కబెర్నే అక్కడ గట్టెక్కుతుంది. తడి బంకమట్టి చల్లగా ఉంటుంది, వసంతంలో ఆలస్యంగా మేలుకుంటుంది. అక్కడ త్వరగా పండే మెర్లోనే నయం.

దక్షిణ ఫ్రాన్స్‌లోని షటోనఫ్ దు పాప్ తోటల గుండ్రాళ్ళు అందరూ ఫోటోల్లో చూసే ఉంటారు. తలకాయంత రాళ్ళు పగలు ఎండ తాగి రాత్రి తీగలకు వేడి ఇస్తాయి, అందుకే అక్కడి గ్రెనాష్ అనే ఎర్ర ద్రాక్ష వైన్ అంత పండుగా, బరువుగా ఉంటుందని చెబుతారు. మరి అదే ప్రాంతంలో అందరూ నెత్తిన పెట్టుకునే షటో రాయాస్ తోటలో ఆ రాళ్ళే కనబడవు. అంతా ఇసుక. వైన్ లేత రంగులో, పూల పరిమళంతో, పినో న్వార్ ద్రాక్షతో చేసిందని పొరబడేంత సన్నగా ఉంటుంది. గ్రెనాష్ అంటే బరువే అనుకునేవాళ్ళు ఒక్కసారి ఇది రుచి చూడాలని నా కోరిక.

అణుగంధం

రాయాస్ మంచి ఉదాహరణ. కానీ ఆ తోట చుట్టూ అడవి ఉంది, మళ్ళు చాలావరకు ఉత్తరం వైపు వాలి ఉన్నాయి. చల్లదనం అక్కడినుంచి కూడా వస్తోంది. ఎంత ఇసుకది, ఎంత నీడది అని విడదీయడం ఒక్క తోటను చూసి కుదరదు.

ప్రేమి గారి షాబ్లీ సీసాలకూ ఇదే మాట. పెతీ షాబ్లీ మళ్ళు ఎక్కువగా గుట్టల పైభాగాన, గాలి కొట్టే చోట, మట్టి పలచగా ఉన్న చోట ఉంటాయి. షాబ్లీ మళ్ళు కిందికి వాలులో ఉంటాయి, అక్కడ మార్ల్, అంటే బంక కలిసిన సున్నపుమట్టి. గ్రాన్ క్రూలు, అంటే అన్నిటికంటే పై తరగతి తోటలు, ఊరి ఎదురుగా నైరుతి వైపు ఎండ కొట్టే ఒకే కొండవాలు మీద ఉన్నాయి. రాయి మారిన చోటల్లా ఎత్తు, గాలి, ఎండ, మట్టి లోతు కూడా మారుతున్నాయి. మీరు రుచి చూసిన నిండుదనం పండు బాగా పక్వమైన గుర్తు. దానికి ఆల్చిప్పకంటే మార్ల్ పట్టి ఉంచిన నీరూ, వాలు మీది ఎండా బలమైన కారణాలు.

రసజ్ఞ

ఒప్పుకుంటాను. అయినా నా వాదన నేను వదలను. ఇటలీలోని బరోలో తీసుకోండి. ద్రాక్ష ఒకటే, నెబ్బియోలో. ప్రాంతం చిన్నది. పడమటి వైపు లా మోర్రా, బరోలో గ్రామాల్లో నీలి బూడిదరంగు మెత్తని మార్ల్. తూర్పున సెర్రలుంగాలో, దక్షిణాన మోన్‌ఫోర్తేలో ఇసుకరాయి కలిసిన గట్టి, నిస్సారమైన నేల. ఒకే ఇంటివాళ్ళు రెండువైపులా తోటలుండి ఒకే పద్ధతిలో చేసిన సీసాలు పక్కపక్కన పెట్టి తాగాను. లా మోర్రా గ్లాసులో గులాబీ, ఎర్రపళ్ళు ముందే పలకరించాయి, వగరు మెత్తగా నాలుక మీద పరుచుకుంది. సెర్రలుంగా గ్లాసు చాలాసేపు నోరు విప్పలేదు. వగరు చిగుళ్ళను పట్టి లాగింది. రాత్రంతా గాలి తగలనిచ్చి మర్నాడు పోసుకుంటే అప్పుడొచ్చింది లోపలి పరిమళం.

దీన్ని ఖనిజం అనకపోతే అనకండి. తోట తన గుర్తు వైన్ మీద వేస్తుందన్న మాటను మాత్రం తగ్గించి మాట్లాడకండి. ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో సన్యాసులూ రైతులూ తరాల తరబడి మడి మడికీ హద్దు గీసి పేరు పెట్టారు. క్లిమాలు అనే ఆ 1,247 మళ్ళను 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అయాన్ల గురించి తెలియకుండానే వాళ్ళు ఆ హద్దులు రుచి చూసి గీశారు.

వేరుచూపు

రసజ్ఞ గారూ, నూటికి నూరుపాళ్ళు. బుర్గుండీ వాలు ఈ మొత్తం చర్చను ఒక్క గీతలో చూపిస్తుంది. పైన మట్టి మరీ పలచన, చలి ఎక్కువ. అడుగున మట్టి లోతు, నీరు నిలుస్తుంది, మంచు దెబ్బ కొడుతుంది. నడుమన సున్నపురాయి ముక్కలూ మార్ల్ కలిసి నీరు పోతూ నిలుస్తూ ఉండే చోట గ్రాన్ క్రూలు. నేను కాదంటున్నది రాయి నేరుగా గ్లాసులోకి వస్తుందన్న మాటనే. హద్దులు నిజమే.

అణుగంధం

నీరు, వేడి అయ్యాయి. మూడోది నత్రజని. దీనికి రావాల్సిన పేరు రావడం లేదు.

సేంద్రియ పదార్థం తక్కువగా ఉండి నిస్సారమైన నేలలో తీగకు నత్రజని తక్కువ అందుతుంది. ఎర్రవైన్‌కు ఇది మంచిదే. పెరుగుదల అదుపులో ఉంటుంది, పండు చిన్నదవుతుంది, తొక్కలో రంగు, వగరు పెరుగుతాయి. తెల్లవైన్‌కు అలా కాదు. సోవిన్యాన్ బ్లాంక్‌లో గ్రేప్‌ఫ్రూట్, జామ లాంటి వాసనలిచ్చే థయాల్ అనే గంధక సమ్మేళనాలకు పూర్వరూపాలు పండులో తయారవ్వాలంటే తగినంత నత్రజని ఉండాలి. బోర్డోలో చేసిన పరిశోధనల్లో నత్రజని లోపించినా, నీటి ఎద్దడి మరీ ఎక్కువైనా ఆ పరిమళాలు పడిపోయాయి. అంటే ఎర్ర ద్రాక్షకు గొప్ప నేల తెల్ల ద్రాక్షకు గొప్ప నేల కానక్కర్లేదు. కష్టపడ్డ తీగే మంచి వైన్ ఇస్తుందని అందరూ అలవాటుగా అనే మాట తెల్లవైన్ దగ్గర తప్పుతుంది. రసంలో నత్రజని తక్కువైతే ఈస్ట్‌కు కూడా తిండి చాలదు, పులియడం మధ్యలో మొరాయిస్తుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది.

నాలుగోది పొటాషియం. మట్టిలో ఇది మోతాదు మించితే రసంలో టార్టారిక్ ఆమ్లంతో కలిసి లవణంగా అడుక్కి దిగిపోతుంది. పీహెచ్ పెరుగుతుంది, వైన్ చప్పబడుతుంది, రంగు నిలవదు. నేల నుంచి నాలుకకు ఒక ఖనిజం వేసే దారి ఏదైనా ఉందంటే ఇదే. అది కూడా ఖనిజపు రుచి తేవడం ద్వారా కాదు, పులుపును తగ్గించడం ద్వారా.

తీగమేస్త్రి

పొటాష్ మాట నిజం. ఇరవయ్యో శతాబ్దం నడిమి దశకాల్లో బుర్గుండీ తోటల్లో పొటాష్ ఎరువు విచ్చలవిడిగా వేశారు. ఆ మట్టి దాన్ని వదిలించుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎరువు బస్తా విప్పేముందు మట్టి పరీక్షే కాదు, ఆకుకాడ పరీక్ష కూడా చేయించుకోవాలి. మట్టిలో ఉన్నదంతా తీగకు అందదు, అందేదేదో ఆకుకాడే చెబుతుంది.

కొత్తసీసా

ఇంకో సందేహం. వేళ్ళను తినే ఫిలాక్సెరా పురుగు వచ్చాక తీగలన్నీ అమెరికా వేరుమొక్కల మీదే అంటు కడుతున్నారు కదా. నేలలో ఉన్నది ఒక జాతి వేరు, పైన ఉన్నది ఇంకో జాతి. అలాంటప్పుడు నేల ప్రభావం పాతరోజుల్లాగే ఉంటుందా?

వేరుచూపు

చాలా అవసరమైన ప్రశ్న. వేరుమొక్కే నేలకూ పండుకూ మధ్య నిలబడే ద్వారం. 1860ల్లో ఫ్రాన్స్‌లో ఫిలాక్సెరా విరుచుకుపడ్డాక అమెరికా తీగల మీద అంట్లు కట్టారు, పురుగు ఆగింది. కానీ కొన్యాక్ లాంటి సుద్ద ప్రాంతాల్లో కొత్త చిక్కు వచ్చింది. సున్నం ఎక్కువున్న నేలలో ఆ వేళ్ళు ఇనుమును తీసుకోలేక ఆకులు పసుపు తిరిగి తీగలు చచ్చాయి. 1887లో ఫ్రాన్స్ ప్రభుత్వం పియెర్ వియాలాను అమెరికా పంపింది. టెక్సాస్‌లోని డెనిసన్‌లో ఉండే టి.వి. మన్సన్ ఆయనకు సున్నపురాతి గుట్టల మీద సహజంగా పెరిగే తీగలను చూపించాడు. వాటిల్లో ముఖ్యమైనది బెర్లాండియెరి. మన్సన్‌ను మరుసటి ఏడాది ఫ్రాన్స్ సత్కరించింది. ఈనాటికీ షాంపేన్ సుద్దనేలల్లో నాటే 41బి వేరుమొక్కలో బెర్లాండియెరి రక్తం ఉంది.

అంటే నేల తన వేరును తానే ఎంచుకుంటుంది. వేరును బట్టి నీరు పీల్చే తీరు, పొటాషియం పీల్చే తీరు, కొమ్మ బలం అన్నీ మారతాయి. ఒక మడిలో ఒక వేరుమొక్క, పక్క మడిలో ఇంకోటి ఉన్నప్పుడు తేడా అంతా మట్టిదే అనడం తొందరపాటు.

ఇసుకనేలలో ఆ పురుగు బతకలేదు. పోర్చుగల్‌లోని కొలారెస్‌లో ఇసుక తవ్వి, కింది బంకమట్టిలో అంటులేని రామిస్కో తీగలు నాటేవాళ్ళు. గ్రీసులోని సాంతోరిని అగ్నిపర్వత నేలలో కూడా సొంత వేళ్ళ మీదే అసీర్తికో తీగలున్నాయి.

పినోపిచ్చి

సాంతోరిని అన్నారు కాబట్టి ఒక మాట. ఈమధ్య సీసా మీద అగ్నిపర్వత నేల అని రాస్తే చాలు ఒక రుచి ఉన్నట్టు మాట్లాడుతున్నారు. సాంతోరినిలో బూడిదా ప్యూమిస్ రాయీ. ఇటలీలోని ఎట్నాలో కొండ చుట్టూ ఎత్తును బట్టి, లావా వయసును బట్టి మడి మడికీ మట్టి వేరు. వేరేచోట లక్షల ఏళ్ళ బసాల్ట్ శిథిలమై జిగట బంకమట్టిగా మారి ఉంటుంది. ఒకటి నీటిని వదిలేస్తుంది, ఇంకోటి పట్టుకుంటుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం చూస్తే బాధేస్తుంది. ఆ తోటల అసలు ప్రత్యేకత ఆ పేరు వెనక మరుగునపడుతోంది.

అణుగంధం

నేలనే అంతా అనుకోకుండా ఒక కొలత కూడా పెట్టుకుందాం. బోర్డో ప్రాంతంలోని సెయింట్ ఎమిలియాన్‌లో కోర్నెలిస్ వాన్ లూవెన్ బృందం 1996 నుంచి 2000 దాకా అయిదు పంటలు పరిశీలించింది. గులకనేల, బంకనేల, నీటిమట్టం వేళ్ళకు అందే ఇసుకనేల అని మూడు నేలలు. మెర్లో, కబెర్నే ఫ్రాంక్, కబెర్నే సోవిన్యాన్ అని మూడు రకాలు. 2004లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ ప్రభావం ఆ ఏటి వాతావరణానిది, తర్వాత నేలది, ఆ తర్వాత ద్రాక్ష రకానిది. వాతావరణం, నేల చాలావరకు పనిచేసింది కూడా తీగకు అందే నీటి ద్వారానే.

ఒకే తోటలో పరిమళం ఎంత మారగలదో చూడాలంటే షిరాజ్ అనే ఎర్ర ద్రాక్షలో మిరియం వాసన. దానికి కారణమైన రోటన్‌డోన్‌ను ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో వెల్లడించారు. విక్టోరియాలో మౌంట్ లాంగీ ఘీరాన్ తోటలో వరసల వారీగా కొలిస్తే వాలు దిశను, ఎత్తుపల్లాలను బట్టి మోతాదు బాగా మారింది. తాగేవాళ్ళలో దాదాపు అయిదో వంతు మందికి ఈ వాసన అసలు తెలియదు. కాబట్టి మీ పక్కనున్నవాళ్ళకు మిరియం తగలకపోతే వాదించకండి.

సూక్ష్మజీవుల గురించి కూడా ఒక మాట. 2014లో కాలిఫోర్నియా తోటల పండ్ల మీద ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం బ్యాక్టీరియా, శిలీంధ్రాల గుంపు ఉందని అక్కడి డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. అవి రుచిని ఎంత నడిపిస్తాయన్నది ఇంకా తవ్వాల్సిన చోటు. నాకు చాలా ఆసక్తి ఉన్న చోటు కూడా.

షాబ్లీ_ప్రేమి

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు ఇంకా గట్టిగా రుచి చూడాలనిపిస్తోంది. నేల తేడాను వీలైనంత విడిగా పట్టుకోవాలంటే ఏ సీసాలు జతగా పెట్టాలి?

రసజ్ఞ

ఒకే చేతి కింద చేసినవి, ఒకే ఏడాదివి తీసుకోండి. బరోలోలో లా మోర్రా, సెర్రలుంగా జత నా మొదటి ఎంపిక. తెల్లవైన్ కావాలంటే షాబ్లీలోనే ఒకే ఉత్పత్తిదారుడి రెండు ప్రీమియె క్రూలు, అంటే గ్రాన్ క్రూ తర్వాతి తరగతి తోటలవి, తీసుకోండి. పెతీ షాబ్లీ జతలో ఎత్తు తేడా అడ్డొస్తుంది. ఓక్ పీపా తగలనివి, లేదా రెండింటికీ ఒకేలా తగిలినవి చూసుకోండి. గ్లాసులు ఇంకొకరి చేత పోయించండి, ఏది ఏదో మీకు తెలియకూడదు. రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి, చల్లదనం తేడా వస్తే పులుపు తేడాగా అనిపిస్తుంది. అగ్గిపుల్ల వాసన వస్తే గ్లాసు తిప్పి కాసేపు ఆగండి. ఆ వాసన పోయాక నాలుక మీద మిగిలినదాన్ని చూడండి: పులుపు ఎంతసేపు నిలిచింది, వగరు ఎక్కడ పట్టింది, నోటికి నిండుదనం ఉందా లేదా.

తీగమేస్త్రి

దానికి తోడు తయారీదారుని నాలుగు సంగతులు అడగండి. రెండు మళ్ళూ ఏ దిక్కుకు వాలి ఉన్నాయి, తీగల వయసెంత, వేరుమొక్క ఏది, ఏ తేదీల్లో కోశారు. కోత తేదీలు దూరంగా ఉంటే మీరు తాగేది పక్వంలో తేడా. నాలుగూ దగ్గరగా ఉండి కూడా రెండు గ్లాసులు వేరుగా ఉంటే, అప్పుడు ఆ మళ్ళలో గుంట తవ్వినప్పుడు ఏం కనబడిందో అడగండి. తోట మీద ప్రేమున్న మనిషైతే ఫోటోలు తీసి ఉంచుకునే ఉంటాడు.

షాబ్లీ_ప్రేమి

ఫూర్షోమ్, మోంతే ద తొన్నేర్ అనే రెండు ప్రీమియె క్రూలూ చేసే ఒక ఉత్పత్తిదారుడికి ఇప్పుడే ఉత్తరం రాశాను. నాలుగు ప్రశ్నలూ పెట్టాను, గుంట ఫోటోలు కూడా అడిగాను. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.